ఒకే తీర్పులో రెండు ఆదేశాలు

హైకోర్టు జడ్జి మూలవేతనం నెలకు 2,25,000 రూపాయలు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, సుప్రీంకోర్టు జడ్జికి 2,50,000. భారత ప్రధాన న్యాయమూర్తికి 2,80,000. 2016 జనవరి 1 నుంచి వర్తించేలా 2018లో పార్లమెంటు ఖరారు చేసిన అంకెలివి. ఇప్పుడు ఎనిమిదో వేతన సంఘం వేశారు. అది కేంద్ర ఉద్యోగుల కోసమే అయినా, దాని వెనకాలే జడ్జీల జీతాల సవరణ రావడం ఆనవాయితీ. ఆ సవరణ వచ్చిన రోజున పేపర్లో రెండింతలనో మూడింతలనో శీర్షిక పడుతుంది. కేసు తెమలదు గానీ జీతం మాత్రం పెరుగుతుందా అని జనం కోపం పొంగుతుంది.

నేను తాలూకా కోర్టులో ప్లీడర్ని. ఆ కోపాన్ని మా కోర్టు వరండాలో తరచూ వింటాను. అందులో న్యాయం ఉంది, కానీ అది పడాల్సిన చోట పడటం లేదు. జడ్జి జీతం పెరగడం వల్ల జనం మీద పడే భారం చాలా చిన్నది. జడ్జి లేని కుర్చీ వల్ల పడే భారం చాలా పెద్దది, పైగా అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు. జీతాలు పెంచమనీ, జడ్జీల సంఖ్య పెంచమనీ సుప్రీంకోర్టు 2002లో ఒకే తీర్పులో ఆదేశించింది. మొదటిదాని కోసం రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను తన ముందుకు పిలిపించుకుంది. రెండోదాని కోసం ఆ పట్టుదల చూపలేదు. నా ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది.

ముందు బిల్లు ఎంతో చూద్దాం. దేశంలో 25 హైకోర్టులకు కలిపి మంజూరైన జడ్జి పదవులు 1,122. అన్నీ నిండాయనుకుని, మనిషికి 2,25,000 చొప్పున వేస్తే నెలకు పాతిక కోట్ల పైచిలుకు, ఏడాదికి సుమారు 303 కోట్లు. సుప్రీంకోర్టులో 34 మందికి ఏడాదికి పది కోట్ల చిల్లర. డీఏ (కరువు భత్యం) ఇప్పుడు మూలవేతనంలో సగానికి పైనే ఉంది. దాన్ని, ఇంటి అద్దె భత్యాన్ని, అతిథి మర్యాదల కోసం ఇచ్చే నెలసరి భత్యాన్ని కలుపుకున్నా, నా లెక్క ప్రకారం రెండు స్థాయిలకూ కలిపి ఆరు వందల కోట్ల దరిదాపుల్లో ఆగుతుంది. కార్లు, సిబ్బంది, బంగళాల మరమ్మతు వేరే పద్దులు. వాటిలో దుబారా ఉంటే విడిగా అడగాల్సిందే, దాన్ని జీతంతో కలిపి తిట్టడం వల్ల రెండూ తేలవు.

మన దగ్గరికి వస్తే లెక్క ఇంకా చిన్నది. హైకోర్టు జడ్జీల జీతం కట్టేది రాష్ట్రం, పెన్షను కట్టేది కేంద్రం. అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జి పదవులు 37. అన్నీ నిండితే మూలవేతనం ఏడాదికి దాదాపు పది కోట్లు. 2025-26లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అంటే రాష్ట్రం ఖర్చు పెట్టే ప్రతి లక్ష రూపాయల్లో మూడు రూపాయలు. తెలంగాణ హైకోర్టుకు 42 పదవులు, ఏడాదికి పదకొండు కోట్ల పైన. ఆ ఏటి 3.05 లక్షల కోట్ల బడ్జెట్లో లక్షకు నాలుగు రూపాయలు కూడా కాదు. ఈ డబ్బు మిగిల్చి మనం కట్టుకోగలిగేది ఓ నాలుగైదు కిలోమీటర్ల మంచి రోడ్డు.

ఇక ఆ మూడింతల సంగతి. 2016 సవరణలో హైకోర్టు జడ్జి మూలవేతనం 80,000 నుంచి 2,25,000కి వెళ్లింది. చూడగానే గుండె గుభేలుమంటుంది. అయితే పాత 80,000 మీద అప్పటికి 125 శాతం డీఏ వస్తోంది. రెండూ కలిపితే 1,80,000. కొత్త మూలవేతనంలో ఆ డీఏ అంతా కలిసిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలైంది. కాబట్టి 1,80,000 స్థానంలో 2,25,000, అసలు పెంపు పాతిక శాతం, అదీ పదేళ్లకు. మామూలు కేంద్ర ఉద్యోగికి అప్పుడు వచ్చిన అసలు పెంపు 14 శాతం. కేబినెట్ కార్యదర్శి 90,000 నుంచి 2,50,000కి వెళ్లారు, ఇంచుమించు జడ్జీల దామాషాలోనే. పై వాళ్లకు కింది వాళ్లకంటే ఎక్కువ పెంచారన్నది నిజం. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ ఖజానా దోచిపెట్టారన్న మాట నిలవదు.

వెనక్కి వెళ్తే ఇంకో కథ ఉంది, ఇది మా జూనియర్లకు కూడా పెద్దగా తెలియదు. రాజ్యాంగం రెండో షెడ్యూలులో హైకోర్టు జడ్జికి 3,500, సుప్రీంకోర్టు జడ్జికి 4,000, భారత ప్రధాన న్యాయమూర్తికి 5,000 అని రాశారు. నియామకం తర్వాత జడ్జికి నష్టం జరిగేలా జీతం హక్కులు మార్చరాదనీ రాశారు. ఇష్టం లేని తీర్పు ఇచ్చిన జడ్జి జేబు మీద ప్రభుత్వం చెయ్యి వేయకుండా ఆ కట్టడి. అంతవరకూ గొప్ప ఆలోచన. అయితే ఆ 3,500 అలాగే 1986 దాకా ఉండిపోయింది. ముప్పై ఆరేళ్లు! ప్రభుత్వం తగ్గించలేదు, బియ్యం ధరా ఇంటి అద్దే తగ్గించేశాయి. 54వ రాజ్యాంగ సవరణతో దాన్ని 8,000 చేసి, ఆపై పార్లమెంటు మామూలు చట్టంతోనే మార్చుకునే వీలు కల్పించారు. అక్కణ్ణుంచి 1996లో 26,000, 2006లో 80,000, 2016లో 2,25,000. పదేళ్లకోసారి వచ్చే ఈ గెంతులు అందుకే అంత పెద్దగా కనిపిస్తాయి.

జడ్జికి మంచి జీతం ఎందుకివ్వాలన్నదానికి అవినీతి తగ్గుతుందన్న జవాబు తరచూ వినిపిస్తుంది. నాకు దానిమీద అంత నమ్మకం లేదు. 2010లో కింది కోర్టుల జడ్జీలకు పద్మనాభన్ కమిటీ సిఫార్సులతో జీతాలు పెరిగాయి, 2006 నుంచి లెక్కగట్టి. రెండేళ్లకు, 2012లో, బెయిలు ఇవ్వడానికి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ మీద హైదరాబాద్‌లో సీబీఐ కోర్టు జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. అవసరం కొద్దీ చెయ్యి చాపేవాణ్ణి జీతం ఆపగలదేమో గానీ, ఆశ కొద్దీ చాపేవాణ్ణి ఆపలేదు. దానికి విజిలెన్సు కావాలి, ఆస్తుల ప్రకటన కావాలి. సుప్రీంకోర్టు జడ్జీలు 2025 మేలో తమ ఆస్తుల వివరాలు బహిరంగంగా పెట్టారు. అది కింది దాకా రావాలి. జీతానికి అసలు కారణం వేరే. తన ముందు నిలబడ్డ ఏ మనిషి సాయమూ అక్కర్లేకుండా జడ్జి బతకగలగాలి.

చిన్న ఊళ్లో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. పాతికేళ్ల అమ్మాయి కింది కోర్టుల్లో మొదటి మెట్టయిన జూనియర్ సివిల్ జడ్జిగా సెలెక్టయి మా లాంటి ఊరికి వస్తుంది. కోర్టు క్వార్టర్సు లేదు, ఉన్నా వాన కురిస్తే లోపల నిలబడలేని స్థితి. బయట ఇల్లు వెతుక్కోవాలి. ఊళ్లో మంచి ఇల్లు ఉన్న వాళ్లలో సగం మందికి ఏదో ఒక దావా ఉంటుంది. లేని వాళ్లకు తమ్ముడికో బావమరిదికో ఉంటుంది. ఎవరింట్లో అద్దెకు దిగినా ఒక మాట పుడుతుంది. ఆమె తప్పేమీ లేకుండానే ఓడిన కక్షిదారు అదే మాట అంటాడు. ఆమెకు మరో పది వేలు అద్దె భత్యం పెంచడం కంటే కోర్టు ఆవరణలో ఒక క్వార్టర్సు కట్టించడం న్యాయానికి ఎక్కువ మేలు. జీతాల చర్చలో ఈ సంగతి ఎప్పుడూ చివరి పేజీలోకి పోతుంది.

ఇప్పుడు కింది కోర్టుల దగ్గరికి వద్దాం, అసలు విషయం ఇక్కడే ఉంది. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల జీతాలు సంచిత నిధి, అంటే సర్కారు ఆదాయమంతా చేరే ఖజానా నుంచి నేరుగా వెళ్తాయి. చట్టసభలో వాటి మీద చర్చ జరగొచ్చు గానీ ఓటింగు ఉండదు. జిల్లా, తాలూకా కోర్టుల జడ్జీల జీతాలు అలా కావు. అవి రాష్ట్ర బడ్జెట్లో న్యాయపాలన పద్దు కింద శాసనసభ ఓటుతో మంజూరవుతాయి. అందుకే రాష్ట్రాలు వాటిని పెంచకుండా ఏళ్ల తరబడి సాగదీశాయి. 1989లో ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1991లో తీర్పు, 1993లో దాని రివ్యూ (పునఃపరిశీలన) మీద తీర్పు. జడ్జీలు ప్రభుత్వ ఉద్యోగులు కారు, మంత్రులు, శాసనసభ్యుల్లాగా రాజ్యాధికారంలో ఒక భాగాన్ని చెలాయించేవాళ్లు, కాబట్టి వాళ్ల జీతాలను ఉద్యోగుల జీతాలతో ముడిపెట్టకూడదు అని కోర్టు తేల్చింది. దాంతో 1996లో జస్టిస్ కె. జగన్నాథ శెట్టి అధ్యక్షతన మొదటి జాతీయ న్యాయ వేతన సంఘం ఏర్పడింది. 1999లో నివేదిక ఇచ్చింది. దాని మీద సుప్రీంకోర్టు 2002 మార్చి 21న తీర్పు చెప్పింది.

ఆ తీర్పును నేను చాలాసార్లు చదివాను. అందులో మన చర్చకు పనికొచ్చేవి రెండు ఆదేశాలు. మొదటిది, శెట్టి సంఘం సిఫార్సు చేసిన జీతాలు కొద్ది మార్పులతో అమలు చేయాలి. రెండోది, అప్పటికి పది లక్షల జనాభాకు పదిన్నరో పదమూడో ఉన్న జడ్జీల సంఖ్యను అయిదేళ్లలో దశలవారీగా యాభైకి పెంచాలి. యాభై అన్నది కొత్త అంకె కాదు, 1987లో లా కమిషన్ తన 120వ నివేదికలో చెప్పినదే. సగం ఖర్చు కేంద్రం భరించాలన్న సిఫార్సును మాత్రం కోర్టు ఒప్పుకోలేదు. మొత్తం రాష్ట్రాల నెత్తిన పడింది.

మొదటి ఆదేశం అమలైంది. అమలు కావడమే కాదు, పిల్లలు పెట్టింది. 2009లో పద్మనాభన్ కమిటీ, 2010లో దాని అమలు. 2017 మేలో రెండో జాతీయ న్యాయ వేతన సంఘం. దానికి అధ్యక్షుడు మన తెలుగువాడే, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పి. వెంకట్రామ రెడ్డి. 2020లో నివేదిక వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి మొదటి మూలవేతనం 27,700 నుంచి 77,840కి, అంటే 2.81 రెట్లు. హైకోర్టు జడ్జికి పెరిగిన దామాషానే కిందికీ వర్తింపజేశారు. 2022 జులై 27న సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి, 2016 నుంచి రావాల్సిన బకాయిలు మూడు విడతల్లో, చివరి సగం 2023 జూన్ 30 లోగా కట్టమంది. దాని మీద వేసిన రివ్యూ పిటిషన్లను కొట్టేసింది. 2023 మేలో పెన్షన్ల మీద, 2024 జనవరి 4న భత్యాల మీద ఉత్తర్వులిచ్చింది. డబ్బుల్లేవన్న రాష్ట్రాల మాటను వినలేదు. కట్టని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను, ఆర్థిక కార్యదర్శులను పిలిపించింది. వాళ్లు వచ్చారు, ఉత్తర్వులు దిగాయి, డబ్బు కదిలింది.

రెండో ఆదేశం ఏమైంది? అయిదేళ్ల గడువు 2007లో ముగిసింది. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలో ఇప్పుడు పది లక్షల మందికి ఉన్న జడ్జీలు 15 మంది. పదమూడు నుంచి పదిహేనుకు రావడానికి ఇరవై ఏళ్లు దాటింది. జిల్లా కోర్టుల్లో పాతిక వేలకు పైగా మంజూరైన పోస్టులుంటే అయిదు వేల దాకా ఖాళీ. అవే కోర్టుల్లో పెండింగు కేసులు నాలుగున్నర కోట్లు దాటాయి. ఈ ఆదేశం కోసం ఏ ప్రధాన కార్యదర్శినీ అలా వరసబెట్టి నిలదీసిన ఘట్టం నాకు గుర్తు లేదు. 2017 జనవరిలో ఇంతియాజ్ అహ్మద్ కేసులో జనాభా లెక్క సరైన కొలత కాదు, దాఖలయ్యే కేసుల బరువును బట్టి జడ్జీల సంఖ్య తేల్చాలి అని కోర్టు కొలతే మార్చింది. ఆ వాదనలో సబబు ఉంది. మారుమూల కోర్టుకూ హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకూ జనాభాను బట్టి జడ్జీలను పంచడం కుదరదు. కానీ ఏ కొలతతో చూసినా జడ్జీలు చాలరు, ఉన్న పోస్టులైనా నిండలేదు. ఖాళీలు నింపడానికి ఏ నెలలో ఏ పని చేయాలో మాలిక్ మజహర్ సుల్తాన్ కేసులో 2007లోనే కాలక్రమం గీసి ఇచ్చారు. అదీ నడుస్తోంది, కుంటుకుంటూ.

ఇక్కడ ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అంటే సరిపోదు. మన రెండు రాష్ట్రాల్లోనూ జూనియర్ సివిల్ జడ్జీల పరీక్ష పెట్టేది, ఎంపిక చేసేది హైకోర్టే. హైకోర్టు జడ్జీల ఖాళీలైతే కొలీజియం (సీనియర్ జడ్జీల బృందం) పేర్లు పంపాలి, కేంద్రం సంతకం పెట్టాలి, ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అంటే జీతం విషయంలో కోర్టు ఆదేశిస్తే రాష్ట్రం తప్పక చేయాలి. ఖాళీల విషయంలో కోర్టు తన్ను తానే ఆదేశించుకోవాలి. అది కష్టమైన పనే. కష్టమని వదిలేయలేం.

ఎందుకంటే ఖాళీ కుర్చీ కింద నలిగేది ఎవరో నాకు తెలుసు. మా పక్క ఊరి కోర్టుకు చాలాకాలం జడ్జి లేరు. ఊరి పేరు రాయను. ఇన్‌చార్జి జడ్జి తన సొంత కోర్టు చూసుకుంటూ దాన్నీ చూసేవారు. ఇన్‌చార్జి అంటే అర్జెంటు పనులు మాత్రమే: రిమాండు, బెయిలు, తాత్కాలిక ఇంజంక్షను. మిగతా కేసులన్నీ పిలుస్తారు, వాయిదా వేస్తారు. పిలుపుకి మనిషి లేకపోతే కేసు కొట్టేస్తారేమోనని భయం, అందుకని అందరూ వస్తారు. సాక్షి వస్తాడు. ముసలివాళ్లొస్తారు. పొద్దున పదింటికి వచ్చి, బెంచి క్లర్కు తారీకు చెప్పేదాకా వేపచెట్టు కింద కూర్చుని, తారీకు రాసుకుని వెళ్లిపోతారు. అన్నదమ్ముల పంపకాల దావాలో నా కక్షిదారు ఒకాయనకు జడ్జీల జీతాలు పెరిగిన వార్త ఎవరో చదివి వినిపించారు. ఆయన నా దగ్గరికొచ్చి, "పెంచనీండి లాయరు గారూ, చదువుకున్నోళ్లు. మరి మన కోర్టుకి అయ్యగారు ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. నేను చెప్పగలిగిన తారీకు ఏదీ నా దగ్గర లేదు.

ఆ కోర్టు ఒక రోజు ఖరీదు నేను లెక్క వేసి చూశాను. ఇది సర్వే కాదు, ఒట్టి అంచనా, ఎవరైనా తమ ఊరి అంకెలు వేసుకోవచ్చు. రోజుకు అరవై కేసులు పిలిచారనుకోండి. కేసుకు ఇద్దరే వచ్చారనుకోండి, నిజానికి ఇంకా ఎక్కువే వస్తారు. మనిషికి పోయిన కూలీ, బస్సు, ఆటో, టీ, భోజనం కలిపి అయిదు వందలు అనుకోండి. ఆడవాళ్లకు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి కొంత తగ్గొచ్చు, పోయిన కూలీ మాత్రం ఎవరూ తిరిగివ్వరు. రోజుకు అరవై వేలు. నెలకు ఇరవై పనిదినాలకు పన్నెండు లక్షలు. జడ్జి ఉన్నా వాయిదాలు పడతాయి కదా అని అంటారు. పడతాయి, అందులో మా ప్లీడర్లు అడిగి తీసుకునేవీ, మేం విధులు బహిష్కరించిన రోజులవీ బోలెడు. కాబట్టి ఆ పన్నెండు లక్షల్లో మూడో వంతు మాత్రమే జడ్జి లేకపోవడం వల్ల పోయిందనుకుందాం. నెలకు నాలుగు లక్షలు. ఆ కుర్చీలో కూర్చోవాల్సిన జూనియర్ సివిల్ జడ్జి మొదటి మూలవేతనం 77,840. డీఏ, అద్దె కలిపితే లక్షన్నర లోపు. ఖజానాకు ఆ లక్షన్నర మిగిలింది. జనానికి నాలుగు లక్షలు పోయింది. అదీ ఊళ్లో అందరికంటే తక్కువ సంపాదించే వాళ్ల జేబులోంచి.

పైగా ఆ కోర్టులో జడ్జి తప్ప అన్నీ ఉన్నాయి. భవనం ఉంది, కరెంటు బిల్లు కడుతున్నారు, సూపరింటెండెంటు, బెంచి క్లర్కు, టైపిస్టు, అమీనా, అటెండరు అందరికీ జీతాలు వెళ్తున్నాయి. కొత్త కోర్టు పెట్టాలంటే ఇవన్నీ సమకూర్చాలి, చాలా ఖర్చు. ఉన్న కోర్టులో ఖాళీ నింపడానికి కావాల్సింది ఒక్క జీతం. అది ఆపి పొదుపు చేశామనుకుంటే, ఆ పొదుపు కోసం మిగతా సిబ్బంది జీతమంతా పనిలేకుండా పోతోంది. ఈ మాట ఏ ఆర్థిక శాఖ అధికారికైనా ఇట్టే అర్థమవుతుంది. కాగితం మీద ఎవరూ రాయకపోవడం వల్లే ఇన్నాళ్లు సాగింది.

జీతాలూ ఖాళీలూ రెండూ ఒక్కటే అనడం లేదు నేను. ఎంట్రీ స్థాయిలో చూడండి. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. ఆ మూడేళ్లు చిన్న ఊరి జూనియర్‌కు చేతికొచ్చేది ఎంతో మాకు తెలుసు. పల్లెప్రాంత జూనియర్‌కు నెలకు 15,000, పట్టణ జూనియర్‌కు 20,000 అయినా ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సీనియర్లకు సూచించాల్సి వచ్చింది. ఆ మనిషికి 77,840 అంటే పెద్ద మాట. ఆ పోస్టుకి పోటీ పడేవాళ్లకు కొదవ లేదు. హైకోర్టుకు వస్తే తలకిందులు. బాగా నడుస్తున్న సీనియర్ లాయరు జడ్జి అయితే ఆదాయం పడిపోతుంది, అందుకే కొందరు పిలిచినా రారు. కింద పోస్టులు కావాలి, పైన జీతం కావాలి. మనం రెండు చోట్లా ఒకే 2.81 రెట్ల పెంపు వేసి చేతులు దులుపుకున్నాం.

ఇంకో విషయం నన్ను బాధించింది. 2025 జనవరిలో రిటైరైన జడ్జీల పెన్షన్ల కేసు నడుస్తున్నప్పుడు ధర్మాసనం, పని చేయని వాళ్లకు ఉచితాలివ్వడానికి రాష్ట్రాల దగ్గర డబ్బుంటుంది గానీ జడ్జీల దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది అంటారు అన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించింది. అది తీర్పు కాదు, విచారణలో నోటిమాట. అయినా ఆ పోలిక తప్పు. పై కోర్టుల జీతాలు బడ్జెట్లో లక్షకు మూడు నాలుగు రూపాయలు అయినప్పుడు, దాన్ని సమర్థించుకోవడానికి ముసలమ్మ పింఛను వైపు వేలు చూపించాల్సిన అవసరమే లేదు. ఆ పింఛను తీసుకునే మనిషే మా కోర్టు వరండాలో తారీకు కోసం కూర్చుంటుంది. జడ్జి జీతం ఆమె కోసమే. ఆమెకు పోటీగా పెట్టకూడదు.

జీతం నిర్ణయించే పద్ధతి కూడా మారాలి. ఇప్పుడు జరిగేది ఇది: సంఘాన్ని వేయించేది కోర్టు, సిఫార్సులు అందుకునేది కోర్టు, ఆమోదించేది కోర్టు, అమలు చేయించేది కోర్టు. తమ జీతాల్ని తామే పెంచుకుంటున్నారన్న అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి? నిజానికి సుప్రీంకోర్టు పెంచింది తన జీతం కాదు, కింది జడ్జీలది. రాష్ట్రాలు కదలకపోతే వాళ్లకు వేరే దిక్కు లేదు. అయినా ఆ అనుమానం కోర్టుకే చేటు. కెనడాలో 1997లో అక్కడి సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. జీతాల మీద స్వతంత్ర సంఘం ఉండాలి. దాని సిఫార్సు ప్రభుత్వం కాదనొచ్చు, కానీ కారణం చెప్పాలి. ఆ కారణం సబబుగా ఉందా లేదా అన్నది మాత్రమే కోర్టు చూస్తుంది. మన దగ్గర రెండో వేతన సంఘానికి అప్పగించిన పనుల్లోనూ శాశ్వత యంత్రాంగం గురించి చెప్పడం ఒకటి. దాన్ని చట్టంగా తెస్తే శాసనసభలు మాట్లాడక తప్పదు. రెండేళ్లకో మూడేళ్లకో కొద్దికొద్దిగా సవరిస్తే ఆరేడేళ్ల బకాయి ఒక్కసారి రాష్ట్రం నెత్తిన పడదు. 2016 జీతం 2022లో తేలడం వల్ల ఆ భారం అంత పెద్దదైంది. మధ్యలో ఎంతమంది రిటైరైన జడ్జీలు ఎదురుచూస్తూనే పోయారో.

ఎనిమిదో వేతన సంఘం తర్వాత పార్లమెంటులో మళ్లీ జడ్జీల జీతాల బిల్లు వస్తే, దాని వెనక ఎప్పట్లాగే ఖర్చు ఎంతో చెప్పే ఆర్థిక వివరణ ఉంటుంది. మన ఎంపీలు ఆ రోజు ఇంకో పట్టిక అడగాలి: ఏ హైకోర్టులో ఎన్ని పదవులు ఎప్పటి నుంచి ఖాళీ, ఒక్కో పేరు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుగా ఉంది. రెండు రాష్ట్రాల శాసనసభల్లో న్యాయపాలన పద్దు మీద ఓటు వేసేటప్పుడు ఎమ్మెల్యేలు తమ నియోజకవర్గం కోర్టులో జడ్జి ఉన్నారా లేరా అన్నది అడిగితే చాలు. జీతానికి కాళ్లు అడ్డం పెట్టమని నేననడం లేదు. పెంచండి. 77,840 ఇంకా పెరిగినా నాకు అభ్యంతరం లేదు.

హైకోర్టులు రేపటి నుంచే, ఒక్క రూపాయి అదనంగా లేకుండా చేయగలిగింది ఒకటుంది. వేసవిలో బదిలీలు జరుగుతాయి. వాదనలు విని తీర్పు రిజర్వు చేసిన జడ్జి వెళ్లిపోతే, కొత్తగా వచ్చినవారు ఆ వాదనలన్నీ మొదటి నుంచి వినాలి. కొత్తవారు రాకపోతే కేసు కట్ట అల్మారాలోకి పోతుంది. కాబట్టి బదిలీ ఉత్తర్వులో ఆ కుర్చీలోకి వచ్చేవారి పేరు కూడా ఉండాలి. విన్న కేసుల్లో తీర్పులు చెప్పేదాకా, కొత్తవారు చార్జి తీసుకునేదాకా పాతవారిని రిలీవ్ చేయకూడదు. అన్ని ఊళ్ల బార్ అసోసియేషన్లూ ఈ ఒక్క తీర్మానం చేసి తమ హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు పంపాలి. మా అసోసియేషన్ తర్వాతి సర్వసభ్య సమావేశానికి నేను ముసాయిదా రాసి ఇచ్చాను.